పోయిన ట్రాఫిక్

ఏంజలిన్ బ్లాగుకి క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళు నలభై ముగ్గురు. వాళ్ళలో నలభై ఇద్దరి పేర్లు ఆమెకి తెలుసు. నలభై మూడో మనిషి ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చేవాడు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం పదిన్నరకి, చర్చిలో మొదటి కీర్తన ఎత్తుకునే వేళకి, ఒకే ఒక్క పేజీ తెరిచేవాడు. పదకొండు నిమిషాలు ఉండేవాడు. ఒక్క మాటా రాయకుండా వెళ్ళిపోయేవాడు.

ఎవరో రిటైరైన రైల్వే గార్డు అయ్యుంటాడనుకుంది ఏంజలిన్. ముప్పై రెండేళ్ళు ఖరగ్‌పూర్ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి ఆమె. పేరు చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు ఆమెకి కొత్త కాదు.

ఆ బ్లాగు పేరు 'ట్రాఫిక్ కబుర్లు'. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి ట్రాఫిక్ అంటే బళ్ళ రద్దీ కాదు, ఊళ్ళో ఒక పేట. వరసగా రైల్వే క్వార్టర్లు, వాకిట్లో మునగ చెట్లు, సాయంత్రమైతే ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి తెలుగులో కేకలు. 'నేను ట్రాఫిక్‌లో పుట్టినాను' అంటే ఇక్కడ ఎవరూ నవ్వరు. ఏంజలిన్ అక్కడే పుట్టింది, టి-417/3 నంబరు క్వార్టర్లో. ఆమె తమ్ముడు తీతు కూడా అక్కడే పుట్టాడు.

బ్లాగు ఆ తమ్ముడి కోసమే.

వాళ్ళ నాన్న సుందర్ రాజు గూడ్సు గార్డు. తొంభై ఒకటిలో డ్యూటీలో ఉండగానే బండి చివరి బ్రేక్ వ్యానులో గుండె ఆగి పోయాడు. డ్యూటీలో పోయిన మనిషి ఇంట్లో ఒకరికి రైల్వే ఉద్యోగం ఇస్తుంది. ఎవరికివ్వాలో ఆ ఇంటి ఇల్లాలు సంతకం పెట్టి చెప్పాలి. తీతుకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. జెండా పట్టుకోవడం నడక కంటే ముందు నేర్చుకున్నవాడు. ఉద్యోగం తనదేనని ఊరంతా చెప్పుకున్నాడు. తల్లి కృపమ్మ మాత్రం కూతురి పేరు రాయించింది. కుర్రాడు ఎలాగైనా బతుకుతాడు, పెళ్ళి తప్పిపోయిన ఆడపిల్ల ఎలా బతుకుతుంది అన్నది ఆవిడ లెక్క. ఆ రోజు ఆఫీసులో తీతు అక్క వైపు చూశాడు. 'వద్దమ్మా, తమ్ముడికియ్యి' అని ఆమె అంటుందేమోనని చూశాడు. ఏంజలిన్ ఏమీ అనలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాడు గాని అక్కతో మాట్లాడలేదు. తొంభై మూడులో ఒక రోజు చేతిసంచీతో వెళ్ళిపోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. తల్లి ఎదురుచూసి ఎదురుచూసి పోయింది. నాన్న పేరునున్న క్వార్టర్ని ఏంజలిన్ తన పేరుకి మార్పించుకుంది. ప్రమోషన్ మీద పెద్ద క్వార్టర్ ఇస్తామన్నా వద్దంది. తమ్ముడికి తెలిసిన తలుపు అదొక్కటే. అందుకే ముప్పై రెండేళ్ళు ఆ తలుపు వెనకే ఉండిపోయింది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయక తప్పలేదు. అదే ఊళ్ళో తాల్‌బగీచాలో జెనీ వాళ్ళింటి మేడ మీద రెండు గదులు తీసుకుంది. జెనీకి ఇరవై ఏడేళ్ళు. ఇంట్లోనే కూర్చుని కోల్‌కతా కంపెనీ ఒకదానికి వెబ్‌సైట్లు చూసిపెడుతుంది. బ్లాగు తెరిచి పెట్టింది ఆ పిల్లే.

మొదట్లో ఏంజలిన్ రైల్వే చరిత్ర రాసింది. అక్కడా ఇక్కడా చదివినదంతా పోగేసి పెద్ద పెద్ద వ్యాసాలు పెట్టింది. ఒక్కడూ రాలేదు. జెనీ నాలుగు పేజీలు చదివి మొహం అదోలా పెట్టింది.

"ఆంటీ, ఇది ఎవరైనా రాస్తారు. మీరు తప్ప ఎవరూ రాయలేనిది రాయండి."

"నాకేటి తెలుసే, బెర్తులు తప్ప?"

"ఆ మంచం కింద ఉన్నదేటి?"

మంచం కింద ఉన్నది నాన్న లైన్ బాక్సు. గార్డు డ్యూటీకి వెంట తీసుకెళ్ళే నల్లటి ఇనప్పెట్టె. మూత మీద తెల్ల రంగుతో పేరు, హోదా, ఊరు. లోపల రెండు జెండాలు, దీపం, రూల్సు పుస్తకం, ఒక మూల టిఫిన్ క్యారియరు. ఏంజలిన్ ఆ పెట్టె గురించి రాసింది. నాన్న డ్యూటీ దిగి వచ్చాక దాని మీద కూర్చుని బూట్లు విప్పేవాడని, పెట్టెలోంచి వచ్చే కిరసనాయిలు వాసనా ఉల్లిపాయ వాసనా కలిసి వాళ్ళింట్లో నాన్న వాసన అనిపించుకునేవని రాసింది.

వారం తిరక్కుండా విశాఖపట్నంలోని రిటైర్డు గార్డుల సంఘం తమ పేజీలో ఆ కథకి లింకు వేసింది. ఎవరూ అడగలేదు. వాళ్ళ కార్యదర్శి ఎరిక్ అనే ఆయన, 'మా పెట్టెలు తీసేసి ట్రాలీ బ్యాగులు ఇచ్చారు, ఇది చదివి ఏడ్చాం' అని రెండు ముక్కలు రాశాడు. బిలాస్‌పూర్‌లో వంటల బ్లాగు నడిపే మీనాకుమారి, 'మా నాన్న క్యారియరు కూడా ఇలాగే వాసనొచ్చేది' అని తన పులిహోర పేజీలోంచి ఒక లింకు వేసింది. రైలుబళ్ళ పిచ్చి ఉన్న ఒక బెంగాలీ దాదా ఇంకొకటి వేశాడు. చదివినవాళ్ళు మళ్ళీ వచ్చారు, తమ నాన్నల పెట్టెల గురించి కింద రాశారు. అలా నలభై ముగ్గురయ్యారు.

లింకు అంటే ఒకరి పేజీలోంచి ఇంకొకరి పేజీకి వేసిన దారి అనీ, అలాంటి దారులు పెరిగిన కొద్దీ ఇంటర్నెట్లో వెతికేవాళ్ళకి మన పేజీ ముందు కనబడుతుందనీ జెనీ చెప్పింది. ఏంజలిన్‌కి అర్థమయ్యేలా కౌంటర్ భాషలో చెప్పింది. "అడక్కుండా వచ్చిన లింకు కన్ఫర్మ్ టికెట్ ఆంటీ. అడిగి వేయించుకున్నది వెయిటింగ్ లిస్టు."

"మరి కొనుక్కున్నదో?"

"ఇంకొకడి పేరు మీద ప్రయాణం. టీటీ పట్టుకుంటే దారి మధ్యలో దించేస్తాడు."

ఏంజలిన్ నవ్వింది. ఆ మాట అప్పుడే ఒంటపట్టించుకుని ఉంటే బాగుండేది.

*

జనవరిలో టి-417 వరస గోడల మీద ఎర్ర రంగుతో 'అబాండన్డ్' అని రాసి వెళ్ళారు. పాతబడిన క్వార్టర్లు, మార్చిలో కొట్టేస్తారు. ఏంజలిన్ ఆ అక్షరాల ముందు చాలాసేపు నిలబడి ఇంటికొచ్చి, మా క్వార్టర్ని మార్చిలో కొట్టేస్తున్నారు అని బ్లాగులో రాసింది. తన కొత్త ఇంటి అడ్రసు కూడా రాయబోతే జెనీ ఆపింది. ఒంటరి ఆడమనిషి అడ్రసు, ఫోను నంబరు అలా బయట పెట్టకూడదంది. కావలసినవాళ్ళు కింద కామెంటు పెడతారు, అప్పుడు చెబుదురుగాని అంది. అదీ సబబే అనిపించింది.

ఆ తర్వాత ఏంజలిన్ ఒక ప్రయోగం చేసింది. తీతు ఎక్కడో కూర్చుని వెతికితే ఏం కొడతాడు? 'ఖరగ్‌పూర్ ట్రాఫిక్' అని కొట్టి చూసింది. హైవే మీద లారీ బోల్తా. చౌరంగీ దగ్గర జామ్. హెల్మెట్ లేకపోతే జరిమానా. మొదటి పేజీ నిండా అవే, రెండో పేజీ నిండా అవే. ఆమె బ్లాగు తొమ్మిదో పేజీలో ఉంది.

"తొమ్మిదో పేజీదాకా ఎవడొస్తాడే?"

"నెమ్మదిగా పైకొస్తుంది ఆంటీ. ఇంకో ఆరు నెలలు ఇలాగే రాస్తూ ఉండండి."

మార్చికి రెండు నెలలే ఉంది.

ఫిబ్రవరిలో కంపెనీ పని మీద జెనీ మూడు వారాలు కోల్‌కతా వెళ్ళింది. ఆమె వెళ్ళిన నాలుగో రోజు ఏంజలిన్‌కి ఒక మెసేజి వచ్చింది.

'నమస్తే మేడమ్. నా పేరు గిరిబాబు, హైదరాబాద్ నుంచి. మీ బ్లాగు చూశాం. సూపర్‌గా ఉంది. కానీ మీకు ట్రాఫిక్ లేదు.'

ఏంజలిన్‌కి నవ్వొచ్చింది. బ్లాగంతా ట్రాఫికే కదా బాబూ, నువ్వు ఎవరి తాలూకు అని జవాబిచ్చింది.

'మా పనే ట్రాఫిక్ తేవడం మేడమ్. పదేళ్ళ అనుభవం. కొత్త ట్రాఫిక్, పాత ట్రాఫిక్, రెండూ తెస్తాం. పోయిన ట్రాఫిక్ కూడా తిరిగి వస్తుంది. పూచీ మాది.'

ఏంజలిన్ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

పోయిన ట్రాఫిక్.

పాత ట్రాఫిక్ అంటే ఈ ఊళ్ళో ఒకటే అర్థం. బదిలీల మీదా రిటైర్మెంట్ల మీదా చెల్లాచెదురైన ట్రాఫిక్ కాలనీ జనం. క్రిస్మస్‌కి వాళ్ళలో కొందరు కలుసుకుంటారు, 'పాత ట్రాఫిక్ వాళ్ళ భోజనాలు' అంటారు. అలాంటి సంఘం ఒకటి హైదరాబాదులోనూ పెట్టారన్నమాట. పోయినవాళ్ళని వెతికి తెచ్చేవాళ్ళు. వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"పోయినోళ్ళని ఎలాగ తెస్తారు బాబూ?"

"లిస్టు ఉంటుంది మేడమ్ మా దగ్గర. ఒకసారి వచ్చి వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడున్నా సరే, వెనక్కి లాగుతాం."

"ముప్పై ఏళ్ళ కిందట పోయినోళ్ళయినా?"

అవతల అమ్మకం చేసేవాడి నవ్వు. "ఎంత పాతదైనా సరే మేడమ్. రోజుకి ఎంత కావాలో చెప్పండి."

"ఎంతేటి? నాకు ఒక్కడొస్తే చాలు."

"మినిమమ్ ఐదు వేలు మేడమ్."

ఐదు వేలు. ట్రాఫిక్‌లో పుట్టి పెరిగి పోయినవాళ్ళందర్నీ లెక్కేస్తే అంతమంది ఉంటారేమోనని ఆమె మనసులో ఒప్పేసుకుంది. అందరూ వస్తే వాడూ వస్తాడు. మొదటి నెల ఉచితం, బ్లాగు పాస్‌వర్డు ఇస్తే చాలన్నాడు గిరిబాబు. ముప్పై రెండేళ్ళు జనం చేత ఫారాలు నింపించిన మనిషి, ఆ పాస్‌వర్డుని ఒక్కో అక్షరం విడదీసి, వాడు రాసుకునేదాకా ఆగి, మళ్ళీ చదివించుకుని మరీ చెప్పింది. అది తీతు పేరు, పక్కన వాడు పుట్టిన ఏడు.

*

మర్నాడు మధ్యాహ్నానికి బ్లాగుకి ఐదు వేల రెండు వందల మంది వచ్చారు.

ఏంజలిన్ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. సంతోషం ఆపుకోలేక న్యూ సెటిల్‌మెంట్ పేటలో దుకాణం నడిపే కనకమ్మ దగ్గరికెళ్ళి, పాత ట్రాఫిక్ అంతా కదిలి వస్తోంది పిన్నీ అని చెప్పింది. కనకమ్మ గుప్పెడు బెల్లం మిఠాయి చేతిలో పెట్టింది.

మూడో రోజుకి ఏదో తేడాగా ఉందనిపించింది. ఇన్ని వేలమంది వస్తున్నారు, ఒక్కరూ ఒక్క సెకను మించి ఉండటంలేదు. ఊళ్ళ పేర్లు చూస్తే నోరు తిరగనివి. కామెంట్లు మాత్రం కుప్పలు. గడియారాలు అమ్ముతామని, జుట్టు మొలిపిస్తామని, పేకాటలో లక్షాధికారివి కమ్మని. ఒక్కో కామెంటుకీ ఆమె మెయిల్లో ఒక కబురు పడుతుంది. నాలుగు వేలు దాటాయి. చూడటం మానేసింది.

ఆదివారం చర్చికి వెళ్ళకుండా పదిన్నరకి బ్లాగు ముందు కూర్చుంది. రాయగడ గార్డు వచ్చాడో లేదో చూద్దామని. ఊళ్ళ వరస కిందికి జరుపుతూ, జరుపుతూ, పన్నెండింటిదాకా వెతికింది. ఆరు వేల గీతల మధ్య రాయగడ కనబడలేదు. ఎందుకో ఇంట్లో దీపం ఆరినట్టనిపించింది.

సోమవారం మీనాకుమారి నుంచి ఒక్క వాక్యం వచ్చింది. 'అక్కా, మీరు కూడానా?'

ఏంటో అర్థం కాక ఏంజలిన్ తన లైన్ బాక్సు కథ తెరిచింది. కథ అలాగే ఉంది. కాని 'పెట్టె' అన్న ప్రతి చోటా ఆ మాట నీలం రంగులోకి మారింది. నొక్కింది. పేకముక్కలు గిరగిరా తిరిగాయి. రాణీ బొమ్మ ఒకటి కన్ను కొట్టి, రండి ఆడుకుందాం అంది. నాన్న పెట్టెని నొక్కితే పేకాట తెరుచుకుంటోంది.

పాస్‌వర్డు మార్చబోయింది. పాత పాస్‌వర్డు తప్పు అంది. వాళ్ళు అప్పటికే మార్చేశారు. గిరిబాబుకి ఫోన్ చేసింది.

"బాబూ, వీళ్ళెవరూ ట్రాఫిక్ వాళ్ళు కారు."

"అదేంటి మేడమ్. ఇదే ట్రాఫిక్. ఉచితంగా ఇంత ట్రాఫిక్ ఎవడిస్తాడు మీకు?"

"ట్రాఫిక్ అంటే మనుషులు బాబూ."

"మనుషులెందుకు మేడమ్ మీకు? నంబర్లు చూడండి."

ఏంజలిన్‌కి అప్పుడు అర్థమైంది. ఒకే మాట. ఇద్దరూ అదే మాట మాట్లాడారు, మొదటి నుంచీ. అతనికది బ్లాగు తెరిచేవాళ్ళ లెక్క, ఆమెకి పుట్టిన పేట. అతను అబద్ధమాడాడని కూడా అనలేకపోయింది. ఆ పేకాట లింకులు తీసెయ్యమని బతిమాలింది. నెల పూర్తయ్యేదాకా కుదరదన్నాడు గిరిబాబు. ఉచితానికి బదులు అదేనట. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు.

ఆ వారం అన్నీ ఊడిపోయాయి. పులిహోర పేజీలోంచి మీనాకుమారి తన లింకు తీసేసింది. గార్డుల సంఘం తీసేసింది, సభ్యుల మనవళ్ళు పేకాటలో పడుతున్నారని ఎరిక్ కోపంగా రాశాడు. బెంగాలీ దాదా ఏమీ రాయకుండానే తీసేశాడు. అందరికీ విడివిడిగా సంజాయిషీ రాద్దామని కూర్చుని, ఏం రాయాలో తెలియక లేచిపోయింది. మార్చి మూడో వారంలో ఒక పొద్దున బ్లాగు తెరిస్తే తెల్లటి పేజీ మీద ఒక్కటే గీత. 'నిబంధనల ఉల్లంఘన కారణంగా ఈ బ్లాగు తొలగించబడింది.'

దారి మధ్యలో దించేశారు.

*

జెనీ ఆ సాయంత్రమే కోల్‌కతా నుంచి దిగింది. కంపెనీ పని ఇంకో వారం సాగడంతో ఆలస్యమైంది. మేడ మీదికి వచ్చి, విషయం విని, మంచం మీద కూలబడింది.

"పాస్‌వర్డ్ ఇచ్చినారా ఆంటీ?"

"ట్రాఫిక్ తెస్తానన్నాడే."

జెనీకి నవ్వు రాబోయింది. ఏంజలిన్ మొహం చూసి ఆగిపోయింది.

ఆ రాత్రీ మర్నాడూ ఫారాలు నింపుతూనే ఉన్నారు. బ్లాగు నాదే, దొంగలు పడ్డారు, తిరిగి ఇవ్వండి అని. ప్రతి ఫారానికీ నిమిషంలో జవాబు వచ్చింది, అన్నీ ఒకే జవాబు. పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదు.

"అక్కడ మనిషెవడూ ఉండడేటే? కౌంటర్ మూసేసినా వెనకాల ఒక సూపర్‌వైజరు ఉంటాడు కదా."

"ఉండడు ఆంటీ."

రాసినవి కొన్నయినా దొరుకుతాయేమోనని జెనీ ఆమె మెయిలు తెరిచింది. తొమ్మిది వేల కబుర్లు. అందులో తెలుగువి వేరు చేయాలి. తెలుగులో రాసే మనుషులు ఏంజలిన్‌ని ఎలా పిలుస్తారని ఆలోచించి, వెతికే చోట 'అక్కా' అని కొట్టింది.

పాత పాఠకులవి ఇరవై దాకా వచ్చాయి. అన్నిటికంటే పైన ఒక కొత్తది. మార్చి మొదటి ఆదివారం, పొద్దున పది నలభై ఒకటికి. పేరు లేదు. జెనీ చదివి ఫోను ఏంజలిన్ చేతికిచ్చింది.

'అక్కా, పెట్టె మూత లోపల మేకుతో గీకిన పేరు గురించి రాయలేదేటి? నాన్న కొట్టినాడు, తర్వాత దాని మీద రంగు వెయ్యనివ్వలేదు. క్వార్టర్ కొట్టేస్తారని చదివినాను. కొట్టకముందు ఒకసారి వస్తాను. నువ్వు రమ్మంటేనే వస్తాను. నువ్విప్పుడు ఎక్కడ…'

దాని కింద, 'పూర్తిగా చదవడానికి ఇక్కడ నొక్కండి.'

నొక్కింది. తెల్లటి పేజీ. ఈ బ్లాగు తొలగించబడింది.

ఏంజలిన్ మంచం కిందికి వంగి పెట్టె లాగింది. మూత తీసింది. లోపల, తుప్పు మరకల మధ్య, ఏడేళ్ళ పిల్లాడి వంకర అక్షరాలు. తీతు. ఆ గీతల సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

రాయగడ. పదకొండు నిమిషాలు. ప్రతి ఆదివారం. రెండేళ్ళు.

*

టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ట్రాఫిక్ చేరేసరికి టి-417 వరస లేదు. ఇటుకల గుట్టలు, వంగిన ఇనప చువ్వలు. తమ ఇంటి మునగ చెట్టు మొదలంటా నరికి పక్కన పడేసి ఉంది. పని మొదలై వారం అయిందని చౌకీదారు చెప్పాడు. బిహారీ ముసలాయన, మర్యాదస్తుడు. ఆమె అడగ్గానే గుర్తు తెచ్చుకున్నాడు.

ఆ మనిషి పోయిన గురువారం వచ్చాడట. పొడుగ్గా, సగం నెరిసిన జుట్టు. అప్పటికి గోడలు సగం నిలిచే ఉన్నాయి. ఏంజలిన్ దీదీ ఎక్కడుంటుందని అడిగాడు. ఇక్కడెవరూ లేరు, అందరూ ఎప్పుడో ఖాళీ చేశారని చౌకీదారు చెప్పాడు. తనకి తెలిసింది అదే.

"ఫోను తీసి చూపించాడు దీదీ. ఇందులో మా అక్క రాస్తుంది, ఇదిగో చూడు అన్నాడు. చూస్తే తాష్ ఆట. రాణీ బొమ్మ కన్ను కొడుతోంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు."

తర్వాత చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాడట. లేచి వెళ్ళేటప్పుడు, తలుపు పైనున్న నంబరు రేకు తీసుకోవచ్చా అని అడిగాడు. చెత్తలోకి పోయేదే కదా అని చౌకీదారు తనే ఊడదీసి ఇచ్చాడు. దాన్ని చొక్కాతో తుడిచి, సంచీలో పెట్టుకుని, స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

బుకింగ్ ఆఫీసులో ఒక్క మాట అడిగి ఉంటే తన ఇల్లు ఎవరైనా చూపించేవారు. కాని వాడెందుకు అడుగుతాడు? రమ్మంటేనే వస్తానని రాశాడు. పదకొండు రోజులు జవాబు కోసం చూశాడు. ఉండబట్టలేక పిలవకుండానే వచ్చాడు. వస్తే కూలిన గోడలు, పేకముక్కలు. ఆనాడు ఆఫీసులో ఒక్క మాట కోసం అక్క వైపు చూశాడు, అక్క మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. వాడికి తెలిసిన లెక్క అంతే.

మర్నాడు ఏంజలిన్ రాయగడ వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ తమ్ముడి ఫోటో పట్టుకుని రెండు రోజులు తిరిగింది. స్టేషన్లో, చర్చిల్లో, తెలుగువాళ్ళ హోటళ్ళలో. ఫోటోలోని కుర్రాణ్ణి చూసి అందరూ తల అడ్డంగా ఊపారు. మూడో రోజు జెనీ ఫోన్ చేసి, చెప్పడానికి ఇష్టంలేని సంగతి చెప్పింది. ఇంటర్నెట్ చూపించే ఊరు నిజం ఊరు కానక్కర్లేదట. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ కేంద్రం అక్కడుంటే చుట్టుపక్కల వంద కిలోమీటర్ల వాళ్ళందరికీ రాయగడ అనే చూపిస్తుందట. ఏంజలిన్ తిరుగుబండి ఎక్కింది.

బండిలో ఆమెకి ఒక్కటే తట్టింది. వాడి చేతిలో ఇప్పుడు బ్లాగు పేరు లేదు, అడ్రసు లేదు. ఉన్నది ఒక రేకు. దాని మీద ఒక నంబరు. ఏదో ఒక రోజు మనసు కుదుటపడితే వాడు కొట్టి చూసేది ఆ నంబరే.

కొత్త బ్లాగుకి 'టి-417/3' అని పేరు పెట్టింది. మొదటి కథ పెట్టె మూత లోపలి గీతల గురించి. దాని చివర తన పేరు, తాల్‌బగీచా ఇంటి నంబరు, ఫోను నంబరు రాసింది. ఈసారి జెనీ వద్దనలేదు. ఆ కింద ఇంకో వాక్యం రాసి, మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి ఉంచేసింది. 'ఆ రోజు నేను మాట్లాడవలసింది తీతూ. రా.'

జరిగింది జరిగినట్టు పాత పాఠకులకి చెప్పుకుంది. మీనాకుమారి చదివి, ఏమీ అడక్కుండా, తన పులిహోర పేజీలో మళ్ళీ లింకు వేసింది. ఎరిక్ క్షమించమని రాసి గార్డుల సంఘం పేజీలో ఆ లింకు అన్నిటికంటే పైన పెట్టించాడు. మే నెలకి పన్నెండుమంది తిరిగొచ్చారు. నంబరు కొట్టి వెతికితే బ్లాగు ఎనిమిదో పేజీలో ఉంది. దాని ముందంతా అదే నంబరున్న మోటారు విడిభాగాలు, స్క్రూలు, ట్రాక్టరు బెల్టులు.

"ఎన్నాళ్ళు పడుతుందే?"

"ఆరు నెలలు. ఏడాది అవచ్చు."

"తొందరగా అయ్యే దారి…" అని మొదలుపెట్టి ఏంజలిన్ తనే ఆగిపోయింది. "వద్దులే."

జూన్ మొదటి ఆదివారం పదిన్నరకి ఫోను ముందు కూర్చుంది. చూసినవాళ్ళు, సున్నా. చర్చిలో కీర్తన ఎత్తుకుని ఉంటారు. కిటికీలోంచి దూరంగా గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు. సున్నా కాస్తా ఒకటి అయింది.

ఏంజలిన్ ఊరి పేరు చూసింది. ఖరగ్‌పూర్.

కింద మెట్ల దగ్గర నుంచి జెనీ గొంతు వినిపించింది. "నేనే ఆంటీ. తెరుచుకుంటున్నాదో నేదో అని చూసినాను."

"సరేలేమ్మా," అంది ఏంజలిన్.

పది నలభై ఒకటి అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.